నాన్న కొట్టు తెర

తమ్ముడూ, దేవుడి దయవల్ల నేను క్షేమం, దెబ్బలేమీ తగల్లేదు. నువ్వు వద్దని రాసినా నిన్న ఊరేగింపుకి వెళ్లాను. సర్కారు ఎడాపెడా అప్పులు చేసి, అవి తీర్చడానికి మా చిన్న కొట్ల మీద మళ్లీ పన్ను పెంచితే ఊరుకోలేకపోయాం. బ్యానరుకి సరిపడా పొడుగు గుడ్డ దొరక్క, కొట్లో నాన్న కట్టిన తెర విప్పి, దాని మీద "మీ అప్పులకి మా పన్నులా?" అని గుడ్డ అక్షరాలు కుట్టాను.

వీధి మలుపులో ఒక పోలీసాయన దాన్ని లాక్కుని అక్షరాలు పీకబోయాడు. ఎంత గుంజినా ఒక్కటీ ఊడలేదు.

"ఏం కుట్టావమ్మా, గోనెసంచా?" అన్నాడు.

"మా నాన్న నేర్పిన జంట కుట్టు బాబూ, ఊడిరాదు."

పక్కనున్న ఇస్త్రీ మామయ్య ఊరుకుంటాడా? "మీ చొక్కా చంక పిగిలింది సారూ, అదీ ఇవ్వండి, కుట్టిపెడుతుంది" అన్నాడు. పోలీసాయనకే నవ్వొచ్చింది.

"ఎవరి తాలూకమ్మా నువ్వు?" అని అడిగాడు. పన్నుల ఆఫీసులో నీ ఉద్యోగం గుర్తొచ్చి నీ పేరు ఎత్తలేదు. "దర్జీ కూతుర్ని" అని మాత్రం అన్నాను. తెర మడిచి నా చేతికే ఇచ్చేశాడు.

మరదలి మోకాలినొప్పి తగ్గిందా? పాపాయి గౌను కొలతలు రాయి.

తెర ఉతికి మళ్లీ కట్టాను. నాన్న మిషను తొక్కుతుంటే దాని వెనక కూర్చుని కునుకుతీసేవాడివి. నీ తలనూనె మరక ఇంకా పోలేదు. అక్షరాలు మాత్రం నేను విప్పలేదు. వచ్చేరోజు ముందుగా రాయి, తెర తిరగేసి కడతాను.

ప్రార్థనలో ముందు నీ పేరే తలుస్తాను. చల్లగా ఉండండి.

అక్క