సర్పంచ్ చెక్కించిన గడ్డి

ఆర్మూర్

గడ్డి సర్వే చేసే సుష్మిత మేడంకు దండాలు.

మైనింగ్‌కు అడుగుతున్న మా గుట్ట మీద గడ్డిపరక గూడ లేదని రాసుకపోయిండ్రట. గట్లయితే గుట్ట పోతది, మరి నా గొర్లు ఏడ మేయాలె? జర ఇనుండ్రి. మీరొస్తున్నరని మా సర్పంచ్ హన్మండ్లన్న ముందురోజే కూలోళ్లను పెట్టి, పసుపు తవ్వినట్టు మీరు నడిచే జాగల గడ్డంత చెక్కించిండు.

"ఏందన్నా గిది?" అంటే, "మేడం చీరెకు ఉత్తరేణి గింజలు అంటుకుంటే ఊరి ఇజ్జత్ ఏంగావాలెరా?" అన్నడు.

మీ మెడల ఏసిన తంగేడుపూల దండ గూడ గా గుట్టదే మేడం! దండతోని ఫోటో దిగి, చెట్టు లేదని రాస్తిరి.

రెండు వానలు పడంగనే మళ్లా రాండ్రి, మోకాలెత్తు గడ్డి చూపిస్త. హన్మండ్లన్నకు మాత్రం చెప్పకుండ్రి. దండ నేనే బజార్ల కొని తెస్త.

ఇట్లు,
మీ ఫోటోల ఎన్క నవ్వుతున్న గొర్లాయన