రెండు ఎడమ చేతుల చొక్కా

ప్రియమైన అమ్మకు,

ఫోన్లో అడిగితే "బాగున్నానే" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తావు. ఉత్తరంలో అయితే నువ్వు వేరే మనిషివి. అందుకే మళ్లీ కాగితం పట్టుకున్నాను.

విశేషం ఏమిటంటే, ఇక మీదట నేను రెడీమేడ్ బట్టలు కొనను. నవ్వకు. హాస్టల్లో పదకొండు మందిమి ఒక జట్టుగా చేరాం. ఎవరు కుట్టారో, ఎలాంటి గదిలో ఎన్ని గంటలు కూర్చుని కుట్టారో తెలియని బట్ట ఒంటి మీద వేసుకోవద్దనుకున్నాం. నాలుగు ఉతుకులకే పీలికలయ్యే చొక్కా కొనడం, పారెయ్యడం, మళ్లీ కొనడం... మా మీద మాకే సిగ్గేసింది. ఉన్నవి చిరిగేదాకా వేసుకుంటాం, చిరిగితే కుట్టుకుంటాం, కొత్తవి కావాలంటే మా చేత్తో మేమే చేసుకుంటాం. స్టోర్ రూములో మూలపడి ఉన్న కుట్టు మిషన్ని వార్డెనమ్మ ఇప్పించింది. దానికి నూనె వేసేసరికే నా మొహం మసిగుడ్డలా అయింది.

వాళ్లందరి దగ్గరా నీ గురించి తెగ గొప్పలు పోయాను. "ఫ్యాక్టరీ సరుకు నేను వేలితో కూడా ముట్టుకోను. మా అమ్మ టైలరు. కత్తెర పట్టిన దగ్గర్నుంచి చివరి బొత్తాం దాకా అన్నీ తనే" అన్నాను. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు!

పాత దుప్పటితో ఒక చొక్కా మొదలుపెట్టాను. చేతులు ఎలా ఎక్కించాలో వివరంగా రాయి.

నీ
పిట్ట

*

నా పిట్టకు,

నువ్వు మిషన్ ముందు కూర్చున్నావంటే నా కడుపు నిండిపోయింది.

చెయ్యి పైభాగం గుండ్రంగా ఉంటుంది కదా, దాన్ని ఎప్పుడూ లాగొద్దు. గుడ్డ దానంతట అదే సూది కిందికి పోవాలి, నీ వేళ్లు దానికి దారి చూపిస్తే చాలు. ముందు వైపు వంపు కాస్త లోతుగా ఉంటుంది, వెనక వైపు తక్కువ. భుజం దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గించు. అక్కడ కంగారు పడ్డావా, గుడ్డ బుడిపె కట్టేస్తుంది. ఒక చెయ్యి కత్తిరించాక రెండోది కూడా అచ్చం అలాగే పరిచి, అదే వైపు పెట్టి కత్తిరించు. వెంట్రుకవాసి తేడా రానివ్వకు.

మెడ సంగతీ బొత్తాల పట్టీ సంగతీ అక్కడే ఎవరినైనా అడుగు తల్లీ, అవి రాస్తే అర్థమయ్యేవి కావు. షాపులో ఊపిరి సలపనంత పని. వేళకు తిను. మిషన్ మీద పడి చదువు గాలికొదిలెయ్యకు.

ఆశీస్సులతో,
మీ అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

ముందు ఒక కుర్చీ చూసుకుని కూర్చో. నవ్వి నవ్వి పడిపోతావు.

చొక్కా పూర్తయింది. ఎడమ చెయ్యి ఎంత బాగా కుదిరిందంటే, దాన్ని చూడడానికి పక్క గదుల వాళ్లు కూడా వచ్చారు. కుడి చెయ్యి కూడా అంతే బాగా కుదిరింది. కాకపోతే అది కూడా ఎడమ చెయ్యే! వేసుకుంటే కుడి భుజం వెనక్కి లాగుతోంది, ఎవరో వెనక నుంచి పట్టుకుని "ఏయ్, ఆగు" అంటున్నట్టు. జట్టులో నా పేరిప్పుడు ఎడమమ్మ.

వారానికోసారి వచ్చే కుట్టు టీచరమ్మ ఆ కుట్టును గోటితో తడిమి చూసింది. "ఇది నేర్పినావిడ పనితనం మామూలుది కాదు. కానీ రెండో చెయ్యికి కొలత కత్తిరించిన కాగితాన్ని తిరగేసి పెట్టాలని చెప్పడం ఎలా మర్చిపోయింది?" అంది. మా అమ్మకు పని ఎక్కువ, తొందరలో రాసి ఉంటుందని నీ తరఫున వాదించాను.

అసలు సంగతి ఇప్పుడు. నెలాఖరున కాలేజీ హాల్లో మా బట్టల ప్రదర్శన పెడుతున్నాం. నువ్వు రావాలి. అందరి ముందూ ఒక చొక్కా మొదట్నుంచీ చివరిదాకా కత్తిరించి కుట్టి చూపించాలి. కాదనడానికి వీల్లేదు, కరపత్రంలో వేసేశాం.

నీ
పిట్ట (అలియాస్ ఎడమమ్మ)

*

పిట్టకు,

నాకు కుదరదమ్మా. ఓనరు సెలవు ఇవ్వనంటున్నాడు. కరపత్రంలో నా సంగతి కొట్టేయించు. రెండో చెయ్యి విషయంలో తప్పు నాదే. దాన్ని విప్పి వేరే గుడ్డతో వేసుకో.

మీ అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

ఇంత చిన్న ఉత్తరం నువ్వెప్పుడూ రాయలేదు. నవ్వానని కోపమొచ్చిందా? నేను నవ్వింది చొక్కాను చూసి, నిన్ను కాదు.

నీ షాపు అడ్రసు పంపించు, నేనే వచ్చి ఓనర్ని బతిమాలుకుంటాను. పెద్దమ్మని అడిగితే "నాకేం తెలుసు, మీ అమ్మనే అడుగు" అని మాట తప్పించింది. నువ్వు పంపకపోయినా పై ఆదివారం బస్సెక్కేస్తాను. ఊళ్లో ఉన్న టైలరింగ్ షాపులన్నీ తిరిగైనా సరే, పట్టుకుంటాను.

నీ
పిట్ట

*

నా పిట్టకు,

రావొద్దు. వచ్చినా షాపు దొరకదు. షాపనేది లేదు తల్లీ.

నేను గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. నిన్ను పెద్దమ్మ దగ్గర వదిలి వచ్చిన రోజు నుంచీ, అంటే పద్నాలుగేళ్లుగా. మా లైనులో నలభై మిషన్లుంటాయి. ఒకరు జేబు వేస్తారు, ఒకరు పట్టీ వేస్తారు. నేను ఎడమ చేతులు ఎక్కిస్తాను. పొద్దున కూర్చున్నది మొదలు లేచేదాకా ఎడమ చేతులే. నా ఎదురు మిషన్ మీద ఉండే ఆవిడది కుడి చెయ్యి. వదినా అని పిలుస్తాను. పూర్తయిన చొక్కా లైను అటు చివర ఇస్త్రీ అవుతుంది. మంచినీళ్లకు వెళ్లేటప్పుడు ఎప్పుడైనా కంటపడుతుంది. నా అంతట నేను ఒక్క చొక్కా కూడా కుట్టలేదు. కుట్టడం రాదు.

నీకు ఆరేళ్లప్పుడు ఫోన్లో అడిగావు, "బళ్లో అడుగుతున్నారు, నువ్వేం చేస్తావమ్మా?" అని. ఎడమ చేతులు కుడతానని ఆరేళ్ల పిల్లకు ఎలా చెప్పను? టైలర్నన్నాను. నువ్వు అటు వైపు కేకలు పెట్టి అందరికీ చెప్పుకున్నావు. ఆ తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు నోరు రాలేదు. ఏటా నేనే కుట్టి పంపానన్న గౌన్లు, తనిఖీలో పక్కన పెట్టేస్తే తక్కువకు కొనుక్కున్నవి.

ఫ్యాక్టరీ బట్టల గురించి నువ్వనేది తప్పు కాదు. ఎండాకాలంలో ఆ రేకుల కింద ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ వేలితో కూడా ముట్టుకోనన్నావే, ఆ మాట చదివినప్పుడు నా చేతులనే ముట్టుకోనన్నావనిపించింది. చాలా ఏడ్చాను. ఇప్పుడు నీకు నా మీద అసహ్యం వేస్తే, వేసిందనే రాయి. అది కూడా దాచిపెట్టుకోవద్దు.

మీ అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

పది రోజులు జవాబు రాయలేదు. కోపంతోనే రాయలేదు. ఎడమ చేతులు కుడుతున్నావని కాదు. పద్నాలుగేళ్లు నన్ను ఆరేళ్ల పిల్లగానే ఉంచేశావని. అడిగిన ప్రతిసారీ షాపు కబుర్లు చెప్పావు, లేని కస్టమర్లతో లేని పేచీలు కూడా చెప్పావు. నవ్వేదాన్ని.

నిన్న బట్టల దుకాణానికి వెళ్లాను. కొనడానికి కాదు. చొక్కాలన్నీ తిరగేసి ఎడమ చంక కింద కుట్టు చూశాను. "సైజు కావాలా మేడమ్?" అంది అక్కడి అమ్మాయి. మా అమ్మ కోసం వెతుకుతున్నానని చెప్పాలనిపించింది. అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంటే పాపం ఆ పిల్ల మంచినీళ్లు తెచ్చిచ్చింది.

సాయంత్రం జట్టుకంతా చెప్పేశాను. ముట్టుకోనన్న మాట అందరి ముందూ వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు మా మాట ఇది: కొంటే ఏళ్ల తరబడి వేసుకునేది కొనాలి. కుట్టినవాళ్లకు సరైన జీతం ఇస్తున్నారా, ఆ గదిలోకి గాలి వస్తోందా అని కంపెనీకి ఉత్తరాలు రాయాలి. జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉండాలి. ఏమేం అడగాలో నీకే బాగా తెలుసు. నువ్వు చెబుతుంటే మేం రాసుకుంటాం.

కరపత్రం కూడా మార్చాం. నీ పేరు కింద "పద్నాలుగేళ్లు ఎడమ చేతులు కుట్టినావిడ" అని వేశాం. అసహ్యమా? ఆ కాగితాన్ని నా మంచం పక్కన గోడకు అంటించుకున్నాను. రా అమ్మా. నువ్వు చేతులు ఎక్కించు, మిగతా చొక్కా నేను నేర్పిస్తాను.

నీ
పిట్ట

*

నా పిట్టకు,

సెలవు దొరికింది. శుక్రవారం పొద్దున బస్సెక్కుతాను. వదిన కూడా వస్తానంటోంది, "కుడి చెయ్యి లేకుండా ఏం చొక్కా కుడతావు?" అని ఒకటే గోల. ఆవిడకు కూడా పడుకోవడానికి చోటు చూడు.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో అడగొద్దు. తప్పు చేశాను, పెద్దపిల్లవయ్యావని నాకే తెలియలేదు.

నీకోసం గుడ్డ కొన్నాను, లేత ఆకుపచ్చ. ఆగలేక బల్ల మీద పరిచి కత్తెర తీశాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. లైనులో గుడ్డ నా దగ్గరికి వచ్చేసరికే కత్తిరించి ఉంటుంది, అది ఎవరి చేతికో నేను ఆలోచించే పనే లేదు. ఎన్ని లక్షల చేతులు కుట్టానో నాకే తెలియదు. నా కూతురి చెయ్యి పొడవెంతో మాత్రం తెలియలేదు.

కొలిచి రాయమందామనుకున్నాను. వద్దులే, రాయకు. నేనే వచ్చి కొలుచుకుంటాను. నువ్వు కాసేపు కదలకుండా నిలబడు చాలు.

శుక్రవారం నిన్ను చూడబోయే
మీ అమ్మ