స్టేషన్ దాకా నడక

పాస్టరమ్మగారికి, రేపల్లె స్టేషన్ రోడ్డులో రోజూ నడిచే మీ సంఘస్తురాలి వందనాలు. ఫోన్ చేస్తే మా అత్తగారు వింటారని ఉత్తరం రాస్తున్నాను.

ఆదివారం నేను రాని పూట స్త్రీల సమాజంలో నా కోసం ప్రార్థన చేయించారట. "కాపురం నిలబెట్టు తండ్రీ, ఈ బిడ్డని పుట్టింటి దారి పట్టనివ్వకు" అంటూ ప్రేమకుమారి పిన్ని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుందట.

అమ్మగారూ, నేను ఎక్కడికీ పోవడం లేదండి. నాకు ఆరో నెల. ఒళ్ళు కదలాలి, రోజూ సాయంత్రం నడవమని డాక్టరమ్మ చెప్పింది. మా రెండేళ్ళ హెప్సీని ఇంట్లో ఎవరూ పట్టుకోరు. వెంట తీసుకెళితే నాలుగడుగులకే ఎత్తుకోమంటుంది. అందుకే చంకలో పిల్ల, భుజాన దాని పాలసీసా, గుడ్డలు ఉన్న సంచి. తెనాలి రైలు కదలడం చూస్తే గానీ అది ఇంటికి రాదు. మేం వెనక్కి తిరగడం చూసి పిన్ని, "పాపం, రోజూ రైలెక్కబోయి మనసు చంపుకుని వస్తోంది" అందట.

ఆ ప్రార్థన ఆపించమని అడుగుదామనే రాయడానికి కూర్చున్నాను. కానీ ఆ మాట మా ఇంటికీ చేరినట్టుంది. ఆదివారం నుంచి మావారు బడి వదలగానే ఇంటికొచ్చేస్తున్నారు. కూర తనే వండుతున్నారు. "నీకేం తక్కువ చేశామే?" అంటూ అత్తగారు దానిమ్మ గింజలు వలిచి పెడుతున్నారు. నేను భుజాన సంచితో చేతులూపుకుంటూ నడుస్తుంటే, పిల్లనెత్తుకుని ఆయన నా వెనకాలే వస్తున్నారు.

మీరు అబద్ధమేమీ ఆడక్కర్లేదు. కాన్పయ్యేదాకా ప్రార్థన మాత్రం ఆపకండి.

నిన్న ఆయన సంచి కూడా మోస్తానన్నారు. అది మాత్రం ఇవ్వలేదు.