సీమ సింహం బెంచీ ఎక్కిన వారం

ఏప్రిల్ 27, సోమవారం

ఇవాళ మాక్ వైవాలో పరువు పోయింది. అమెరికా పడమటి రాష్ట్రాల కొత్త నవలల్లో వీరత్వం, మగతనం గురించి నాలుగేళ్లుగా రాస్తున్నాను. ఒక్క ముక్కలో నా థీసిస్ ఇదీ: గుర్రం మీద వచ్చే వీరుడు ఉత్త అబద్ధం, ఈ రచయితలు ఆ గుట్టు విప్పేశారు. సూపర్‌వైజర్ అంతా విని, సరే కిరణ్మయీ, వీరుణ్ని తీసేశాక మిగిలిన మనిషి సంగతేమిటి అన్నాడు. ఏదేదో వాగాను. క్వైట్ ఇంటరెస్టింగ్ అన్నాడు. ఇంగ్లీషువాళ్లు ఆ మాట అన్నారంటే కొంప మునిగినట్టే.

అసలు వైవా మే పద్నాలుగున. ఇదే ప్రశ్న వస్తుంది. ఇలాగే వాగితే నాలుగేళ్లూ గంగపాలు.

ఏప్రిల్ 29

మా ఆయన వీరాంజనేయులు నన్ను ప్రిపేర్ చేస్తానని బయల్దేరాడు. నాలుగో చాప్టర్లో నేను చర్చించిన నవల పట్టుకుని కూర్చున్నాడు. మోంటానాలో ఒకడు పగ తీర్చుకోవడానికి ఊళ్లోకి వస్తాడు. కథకి మూడు ముగింపులు. ఒకదాంట్లో చస్తాడు, ఒకదాంట్లో పారిపోతాడు, మూడోదాంట్లో చెప్పుల షాపు పెట్టుకుంటాడు.

సగం చదివి, ఏం మే, హీరో ఎంట్రీ యాడ మే అని అడిగాడు. రెండో పేజీలో గుర్రం మీంచి పడ్డాడే, వాడే అన్నాను. పుస్తకం మూసేసి నావైపు జాలిగా చూశాడు.

ఆయనది ప్రొద్దుటూరు. ఊరి పేరు వినగానే ఈ ఇంగ్లీషు ఊళ్లోని తెలుగువాళ్లందరికీ సుమోలు, వేటకొడవళ్లు గుర్తొస్తాయి. ఆయన ఆఫీసులోనే పనిచేసే హైదరాబాద్ దినేశ్ అయితే సీమ సింహం అనే పిలుస్తాడు. ఈయన కాదనడు, మీసం దువ్వుతాడు. ఇంట్లో మాత్రం చికెన్ కడగమంటే కళ్లు మూసుకుంటాడు.

మే 3, ఆదివారం

పార్కులో తెలుగువాళ్ల పిక్నిక్. పక్కనున్న బీస్టన్ నుంచి, ఊరవతల నుంచి అందరూ వచ్చారు. చికెన్ ఫ్రై మూత తీశామో లేదో, ఎక్కణ్నుంచో ఒక కుక్క పరుగెత్తుకొచ్చింది. మా సింహం ఒక్క కేక పెట్టి బెంచీ ఎక్కింది. అక్కణ్నుంచి టేబుల్ ఎక్కింది. ఒక కాలు పులిహోర గిన్నెలో.

మా లాస్యకి తొమ్మిదేళ్లు. డాడ్, ఇట్స్ ఓన్లీ ఎ స్పానియల్ అంది, అందరికీ వినిపించేలా. దినేశ్ వీడియో తీసి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇంటికి వచ్చేలోపు లండన్‌లో ఉన్న నా పిన్నికూతురు కూడా చూసేసింది.

మే 4

గ్రూపులో ఇంకా నవ్వులే. ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

నా థీసిస్ ప్రకారం నేను సంతోషించాలి. అబద్ధపు వీరుడు కూలిపోయాడు కదా! ఏం సంతోషం, నా మొహం. దినేశ్ మీద ఒళ్లు మండిపోతోంది.

మే 5, సాయంత్రం ఆరు

ఆయనే గ్రూపులో మెసేజ్ పెట్టాడు. నాకు కుక్కలంటే భయం, చిన్నప్పుడు ఒకటి తరిమింది, అది కరిసింది కూడా లేదు, అయినా ఆ భయం పోలేదు అని. శనివారం పొద్దున అదే బెంచీ కాడికి మా పక్కింటి పాలీన్ ఆంటీ ఆమె కుక్కను తెస్తాది, నాలాంటోళ్లు ఎవరన్నా ఉంటే రాండి అని.

ఉన్న కాస్త పరువూ తీసుకుంటారా అని అరిచాను. పోయింది కదా మే, ఇంగ దాన్ని కాపలా కాసే పని లేదు అన్నాడు. ఆ మెసేజ్ కింద ఎవ్వరూ నవ్వలేదు.

మే 9, శనివారం

పిల్లలు వస్తారేమో అనుకున్నాను. మగాళ్లు వచ్చారు! నలుగురు, గడ్డాలతో, గాగుల్స్‌తో. పాలీన్ ఆంటీ అందర్నీ ఈ ఊరి ముద్దుమాటలో డక్ డక్ అంటూ వరసగా నిలబెట్టింది. ఆవిడ లాబ్రడార్ పేరు బిస్కెట్. పాపం, ముసలిది, ఆవులిస్తూ కూర్చుంది.

చెట్టు చాటు నుంచి ఐదోవాడు వచ్చాడు. దినేశ్. ఆ వీడియోలో వైపర్ కనిపిస్తోంది అంకుల్, కార్లోంచి తీశారా అని లాస్య ఇంగ్లీషులో అడిగేసింది. దినేశ్ నేల చూశాడు. మీ డాడీ బెంచీ ఎక్కకముందే నేను కార్ల దూరి డోర్ లాక్ చేసుకున్న బేటా అన్నాడు. నేను ఉతికి ఆరేద్దామని నోరు తెరిచేలోగా, మా ఆయన పకపకా నవ్వి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ అలా చేతులు పట్టుకునే వెళ్లి బిస్కెట్ వీపు ముట్టుకున్నారు. మా ఆయన దానికి హలో మేడమ్ అని చెప్పాడు.

ఇంటికొచ్చి ఆ నవల మళ్లీ తీశాను. మూడు ముగింపుల్లోనూ, పగ తీర్చుకోవడానికి బయల్దేరే ముందు వాడు మంగలితో, చేతులు వణుకుతున్నాయి అని చెప్తాడు. పక్కనే పెన్సిల్‌తో కామెడీ అని రాసి ఉంది. నా చేతిరాతే. ఛీ.

మే 13

రేపే వైవా. వంట మా ఆయనే చేశాడు. చికెన్ కడిగాడు, ఒక కన్ను తెరిచి.

మే 14, గురువారం

అదే ప్రశ్న వచ్చింది. నాకు భయంగా ఉంది, ఒక్క నిమిషం ఇవ్వండి అన్నాను. ఎక్స్‌టర్నల్ ఆవిడ నీళ్లు పోసి ఇచ్చి, నా వైవాలో నేను ఏడ్చాను అంది.

అప్పుడు మంగలి సంగతి చెప్పాను. ముగింపులు మూడూ మారతాయి, ఆ ఒక్క మాట మారదు. వాడు చావనీ, పారిపోనీ, చెప్పులు అమ్ముకోనీ, ఆ మాట మాత్రం ఎవరూ అడక్కుండానే చెప్తాడు. మిగిలిన మనిషి వాడే. నేను అబద్ధంతోపాటు వాణ్ని కూడా పారేశాను, నాలుగో చాప్టర్ చివర తప్పు రాశాను అన్నాను.

క్వైట్ ఇంటరెస్టింగ్ అంది. నా ప్రాణం పోయింది. పాస్, మైనర్ కరెక్షన్స్, ఆ చాప్టర్ చివర మళ్లీ రాయండి అంది.

కారిడార్‌లో మా ఆయన ఫ్లాస్క్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా మొహం చూడగానే ఏడ్చేశాడు. మీసమంతా తడిసిపోయింది.

మే 16, శనివారం

ఇవాళ బెంచీ దగ్గరికి కొత్తాయన ఒకరు వచ్చారు. కుక్కలంటే ఏ భయమూ లేదట. భయం వేరే ఉందట. అదేమిటో ఇంకా చెప్పలేదు. బిస్కెట్ ఆయన కాళ్ల దగ్గరే కూర్చుని ఉంది.