కాఫీ మరకు రెండోసారి కూలి

బీదర్,
1968 ఆగస్టు 11, ఆదివారం.

ప్రియమైన హేబ్సిబాకు జయానందం వందనాలు చెప్పి రాసేది. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ మన చిన్నది తబితా బాగున్నాము. గుల్బర్గాలో నువ్వూ, పెద్దమ్మాయి లీయా, పసివాడూ, అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చదివి నెమ్మదిపడ్డాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. తెల్లపెట్ట పదకొండు గుడ్లు పొదిగితే ఏడు పిల్లలయ్యాయి. ఒకదాన్ని గద్ద ఎత్తుకుపోయింది. వంటింటి పెంకులు సర్దించాను. తబితా వంట బాగానే ఉంది, చారులో మాత్రం చింతపండుకు లెక్క లేదు. నా మోకాలి నొప్పి ఎలా ఉందన్నావు. ఉన్నది. పసివాడికి జలుబు తగ్గకపోతే వాము వేడిచేసి మూట కట్టి వాసన చూపించమని నీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక కాఫీ మర సంగతి. మూడు ఉత్తరాల్లోనూ అడిగావు. అక్కడి దుకాణపు పొడిలో చికోరీ తప్ప కాఫీ లేదనీ, గింజలు కొని పెట్టుకున్నాననీ, వచ్చేవాళ్ల చేతికి మర ఇచ్చి పంపమనీ రాశావు. రెండుసార్లు ఆ మాట దాటేసి కోళ్ల గురించి రాశాను. ఈసారి రాస్తాను.

మరకు తుప్పు పట్టింది. పిడి కదలకుండా బిగుసుకుపోయింది. జూలై నాలుగున ఖండప్ప మిస్త్రీకి ఇచ్చాను. చౌబారా వెనక సందులో స్టవ్వులు, పెట్రోమాక్సు దీపాలు బాగుచేస్తాడే, అతనే. విప్పి, కిరోసిన్‌లో నానబెట్టి, తుప్పు గీకి, నూనె వేసి ఆరు రూపాయలు తీసుకున్నాడు. సంతోషంగానే ఇచ్చాను. ఎనిమిదో రోజు మళ్లీ బిగుసుకుంది. వేలు పెట్టి చూస్తే లోపలంతా ఎర్ర పొడి. తిరిగి తీసుకుపోయి అతని ముందు పెట్టాను. చూస్తానన్నాడు. పదిరోజుల తర్వాత వెళ్తే, నన్నొక మాట అడగకుండా లోపలి పళ్ల చక్రాలు రెండూ మార్చేసి పదకొండు రూపాయలు అన్నాడు. హేబ్సిబా, కారఖానా మున్షీ జీతం ఎంతో నీకు తెలుసు. ఒళ్లు మండిపోయింది.

"ఒక్క పనికి రెండుమాట్ల పైసలా ఖండప్పా?" అన్నాను.

"ఒక్క పని గాదు మున్షీ సాబ్. పోయినమాటు జంగు గీకిన. ఇప్పుడు పళ్లనే తిన్నది. హైద్రాబాద్ పోయెటోనికి చెప్పి చక్రాలు తెప్పిచ్చిన."

"నువ్వు సరిగ్గ గీకలే. అందుకే మల్ల పట్టింది."

"నేను గీకిన సామాన్ ఎనిమిది దినాలల్ల గిట్ల గాదు. నిజం చెప్పు, అండ్ల ఏం పడ్డది?"

"చెప్పిన గద. ఇల్లు కురిసింది. వాన నీళ్లు పడ్డయి."

"వాన నీళ్లకు పైపైన ఎర్రగైతది. ఇది పుండు లెక్క లోపటికి తిన్నది."

నేను జేబులోంచి దినలెక్క పుస్తకం తీసి, తేదీ, ఆరు రూపాయలు వేలు పెట్టి చూపించాను. అతను కళ్లు చికిలించి చూశాడు.

"ఎంతిచ్చినవో మంచిగనే రాసుకున్నవ్. మరల ఏం ఇసిరినవో గూడ రాసుకున్నవా?"

దుకాణం ముందు కూర్చున్నవాళ్లు నవ్వారు. మర అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఆ కోపం తగ్గకముందే జూలై ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద రాచయ్య నన్ను పిలిచాడు. పంట పండుగకు గుడి దీపాలు నాలుగూ, బావి పంపూ బాగుచేయించాలి, ఎప్పటిలాగే ఖండప్పకు ఇద్దామా అని అడిగాడు. "వద్దు. ఒక్క పనికి రెండుసార్లు పైసలు తీస్కునే మనిషి," అన్నాను. అంతే అన్నాను. రాచయ్య అక్కడే అందరికీ చెప్పాడు: "జయానందం అన్నడంటె ఉత్తగ అనడు. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడెటోడు." దీపాలు వేరే దుకాణానికి పోయాయి. ఆ రోజు నాకు బాగానే అనిపించింది.

పోయిన బుధవారం ఖండప్ప భార్య చంద్రవ్వ మన ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప అవతలే నిలబడింది.

"అయ్యా, నా మొగడు తాగెటోడు గాదు, దొంగ గాదు. మీ గుడోళ్ల దీపాలు ఏడేండ్లసంది ఆయననే చేస్తుండు. వానకాలంల మాకు గదే ఆసర. ఇప్పుడు మీవోళ్ల ఇండ్లల్లకెల్లి ఒక్క స్టవ్వు గూడ ఎవ్వరు తెస్తలేరు. ఏం తప్పు చేసిండో చెప్పుండ్రి. నేనన్న తిడ్త ఆయనను."

నేను ఏదో లెక్కలో తేడా వచ్చిందని గొణిగాను. ఆమె వెళ్లిపోయింది. వంటింట్లోంచి తబితా వచ్చింది.

"నాయినా, ఆమెకన్న చెప్పరాదా?"

"ఏం చెప్పాలె?"

"నవసాగరం సంగతి. నేను చూడలే అనుకుంటున్నవా? బడి నుంచి వచ్చేసరికి బల్ల మీద తెల్ల పొడి. నువ్వేమో మూడు దినాలు దగ్గుకుంట తిరిగినవ్."

హేబ్సిబా, ఇది నీకు జూన్‌లోనే రాయవలసింది. బెంగుళూరు దుకాణం ఒకటి మా కారఖానాలో నలభై బిద్రీ పానదాన్లు చేసిమ్మంది. వెండి పని అంతా అయింది, నల్లరంగు ఎక్కించాలి. కోట మట్టిలో నవసాగరం కలిపితేగాని ఆ నలుపు రాదు. నవసాగరం గడ్డలు దంచే గుండమ్మకు జ్వరం. గడువు మూడు రోజులు. కారఖానా మాలిక్ తల పట్టుకుని కూర్చున్నాడు. నేను, "మా ఇంట్లో మర ఉంది," అన్నాను. ఇరవై ఏళ్లలో ఆ కారఖానాలో లెక్క కాకుండా నేను చెప్పిన మాట అదొక్కటే. అందరూ నా వైపు తిరిగి చూశారు. ఆ చూపు నాకు నచ్చింది.

గడ్డలు ఇంటికి తెచ్చి నీ మరలో పోసి తిప్పాను. గంటలో రెండు సేర్ల పొడి అయింది. తడిగుడ్డతో తుడిచి గూట్లో పెట్టాను. అది ఇనుమును ఏం చేస్తుందో అన్నేళ్లుగా అక్కడ కూర్చున్నవాడికి తెలియాలి. నేను ఎప్పుడూ పుస్తకంలోకే చూశాను, పని జరిగే చోటికి చూడలేదు.

ఇంకొకటి కూడా రాసేస్తాను. ఇది చాయ్ తాగే ఊరు, నీ మర బల్లకు బరువు తప్ప దేనికని నా మనసులో ఎప్పుడూ ఉండేది. నీతో అనలేదు. మీ నాయన దొరల బంగళాలో ముప్పై ఏళ్లు వంట చేస్తే చేతికి మిగిలిన సామాను అదొక్కటేనని తెలిసి కూడా అలా అనుకున్నాను. అందుకే తిప్పేటప్పుడు చెయ్యి ఆగలేదు. తర్వాత మిస్త్రీ ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసి వాన మీద పెట్టాను.

ఈ ఉదయం గుడిలో ప్రకటనలు చదివాక పాస్టరుగారిని అడిగి లేచి నిలబడ్డాను. "ఖండప్ప తప్పు చేయలే. మరలో నేను నవసాగరం వేసి, వాన నీళ్లని అబద్ధం చెప్పిన. ఆయన అడిగిన పైసలు న్యాయమే," అన్నాను. బయటికి వచ్చాక రాచయ్య భుజం తట్టాడు. "మంచిగ ఒప్పుకున్నవ్. గని దీపాలకు అవతల బయానా ఇచ్చేసినం జయానందం. వచ్చేయేడు సూద్దాం." ఎంత బతిమాలినా వినలేదు. నేను మూడు ముక్కల్లో పాడుచేసిన పనిని ఇప్పుడు ముప్పై మాటలతో బాగుచేయలేకపోయాను.

అక్కడి నుంచి నేరుగా ఖండప్ప దుకాణానికి పోయాను. ముందు ఎవ్వరూ లేరు. చెప్పాను. అతను ఆకురాయి ఆపకుండా విన్నాడు.

"ముందే నవసాగరమని చెప్తె సోడ నీళ్లల్ల ఉడకబెట్టి కడుగుతుంటి. ఆరు రూపాయలతోనే అయిపోతుండె," అన్నాడు. తర్వాత, "గుడిల చెప్పినవా?"

"చెప్పిన."

"దీపాలు?"

"రావు. బయానా ఇచ్చిండ్రు."

"అయితె నువ్వు చెప్పింది నీకు పనికొచ్చింది. నాకు గాదు."

నేను పదిహేను రూపాయలు తీసి ముందు పెట్టాను. అతను లెక్కపెట్టి నాలుగు వెనక్కి తోశాడు.

"పదకొండే. ఎక్కువ తీస్కుంటె నువ్వు అన్నదే నిజమైతది."

మర చంకన పెట్టుకుని వచ్చాను. రేపు మాలిక్‌తో మాట్లాడి కారఖానా కొలిమి తిత్తులు బాగుచేసే పని ఖండప్పకు ఇప్పిస్తాను. ఆ నాలుగు దీపాలకు అది సమానం కాదు, తెలుసు.

గురువారం మన ఏసప్ప గుల్బర్గా బస్సుకు వస్తున్నాడు, మర అతనితో పంపుతున్నాను. తుప్పు తిన్న పాత చక్రాలు మీ నాయన చేతిలో తిరిగినవి కాబట్టి వేరే గుడ్డలో కట్టాను. కొత్తవాటిలో గింజలు వేసే ముందు పిడికెడు బియ్యం వేసి తిప్పు. ఆ పిండి చిటికెడు నాలుక మీద పెట్టి చూసి ఉమ్మెయ్యి. ఉప్పగా తగిలితే కాఫీ ఆడించవద్దు, తిప్పి పంపు, మళ్లీ కడిగిస్తాను. ఇక్కడ నేనూ చూశాను, నాకేమీ తగల్లేదు. అయినా నా మాట మీద ఉండవద్దు. నువ్వే చూసుకో, చూసి ఉన్నది ఉన్నట్టు రాయి. తిట్టాలనిపిస్తే అది కూడా రాయి.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం చూసే నీ ఇంటాయన,
జయానందం