ఆఖరి ట్రాక్‌లో ఏమీ లేదు

మార్చి 3, సోమవారం

తమ్ముడు రికార్డు తెచ్చి నా ఒళ్లో పడేశాడు. వాడి ఇద్దరు దేవుళ్లూ కలిసి చేశారట. గడ్డం గిటారిస్టు, బొంగురు గొంతు సింగరు. ఇన్నేళ్లూ ఒకర్నొకరు తిట్టుకుంటూ స్టేడియాలు నింపారు, ఇప్పుడు ముసలితనంలో జట్టు కట్టారు. పాటల్లేవు, డ్రమ్స్ లేవు, అంతా ఎక్స్‌పెరిమెంటే. విన్నాను. ఎవరో వంటింట్లో గిన్నెలు సర్దుతున్నట్టుంది. ఆ మాటే అంటే వాడు మూతి ముడుచుకున్నాడు.

మార్చి 4

ఆ ఇద్దరూ పదిహేనో తారీఖున నేను సౌండ్ చూసే మా హాల్లోనే వాయిస్తారట! మిక్సర్ దగ్గర నన్నే కూర్చోమన్నాడు మేనేజర్. తమ్ముడికి ఫోన్ చేస్తే వాడి అరుపులకి ఫోన్ దూరంగా పట్టుకోవాల్సొచ్చింది. మా అక్క చెవులంటే చెవులని వాడి ఆఫీసంతా చాటేశాడట. సరే, ఇక గిన్నెలైనా బొచ్చెలైనా ఆల్బమ్ కంఠతా రావాలి.

మార్చి 6

కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ వింటున్నాను. గిన్నెలు నచ్చడం మొదలైంది, నా ఖర్మ. అన్నిటికంటే ఆఖరి ట్రాక్. అందులో ఏమీ లేదు. రికార్డు మీద సూది తిరిగే గరగర, అంతే. జీవితమంతా స్పీకర్లు బద్దలుకొట్టిన మనుషులు చివరికి నోరు మూసుకోవడం! కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తమ్ముడికి చెప్పాను, హాల్లో అందరికీ చెప్పాను, ఏం నిశ్శబ్దం, ఏం ధైర్యం అని. నా జూనియర్ అమ్మాయి ఏదో అనబోయి వైర్లు చుట్టసాగింది. మేనేజర్ మాత్రం వినకుండానే అవునవునన్నాడు.

మార్చి 7, సాయంత్రం

ఆఖరి ట్రాక్ నడుస్తుంటే మా అమ్మాయి చెవులు మూసుకుని గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. ఆ కీచు ఆపమంది. ఏ కీచే అన్నాను. వేళాకోళం ఆడకమ్మా అంది. పళ్లు జివ్వుమంటున్నాయట.

ఇంట్లో ఉన్న పాత మిక్సర్‌కి కలిపి చూశాను. శబ్దం ఎంతుందో చూపే మీటర్ పైకి లేచి అక్కడే నిలబడింది. ట్రాక్ అయ్యేదాకా దిగలేదు. నా చెవికి గరగర తప్ప ఏమీ లేదు.

స్పీకర్ పోయినట్టుంది.

మార్చి 8

స్పీకర్ బాగానే ఉంది. హెడ్‌ఫోన్స్ బాగానే ఉన్నాయి. మా ఆయనకి కూడా వినిపిస్తోందట, సన్నగా, ఆపకుండా ఈల వేసినట్టు. పేపరు మడిచి నా మొహమే చూస్తూ కూర్చున్నారు. డాక్టర్‌కి చూపిద్దామన్నారు. ముందు షో కానివ్వండి అని కసిరాను. అన్నం సహించలేదు.

మార్చి 9

మీటర్ చూసి నడిపేయొచ్చు. కళ్లున్నాయిగా. ఎవడికి తెలుస్తుంది?

మార్చి 11

హాల్లో ఎవరో ప్రొఫెసర్ ఉపన్యాసం. ఉన్నట్టుండి మైకు వదిలేసి చెవి పట్టుకున్నాడు. ముందు వరసలో పెద్దావిడ లేచి నిలబడింది. ఆ క్షణాన నేను మీటర్ చూడట్లేదు, నీళ్ల బాటిల్ మూత తిప్పుతున్నాను. జూనియర్ నా ముందునించి చెయ్యి చాపి వాల్యూమ్ కిందికి లాగింది. మైకు కీచుమని కూసిందట.

వైరు లూజని మేనేజర్‌కి అబద్ధం చెప్పాను. ఆ పిల్ల నన్ను బయటపెట్టలేదు. పెట్టి ఉంటే తిట్టుకోడానికైనా ఆ పిల్ల దొరికేది. సిగ్గుతో చచ్చిపోయాను. శనివారం మైకు కూసినా నాకు తెలీదు, వాళ్లు ఆఖర్న వాయించేదీ తెలీదు. హాలెడు జనం చెవులు నా చేతిలో పెడుతున్నారు. భయమేస్తోంది.

మార్చి 13

సన్నటి శబ్దాలు నా చెవికి అందట్లేదని మేనేజర్‌కి చెప్పేశాను. శనివారం జూనియర్ కూర్చుంటుంది. నా సంగతి డాక్టర్ ఏమంటాడో చూశాక ఆలోచిద్దామన్నాడు, టేబుల్ మీద పెన్ను దొర్లిస్తూ.

తమ్ముడికి చెప్పడమే కష్టమైంది. ముందు నమ్మలేదు. తర్వాత నవ్వబోయాడు. తర్వాత ఏడ్చాడు. ఆ ఈల వాడికి మొదటి రోజునించీ వినిపిస్తూనే ఉందట. అక్క నిశ్శబ్దం అందంటే అందులో మనకందని లోతేదో ఉండే ఉంటుందని, ఆఫీసులో అందరికీ నా మాటే చెప్పి తిరిగాడట. వెధవ. పిచ్చి వెధవ.

మార్చి 15

జనంలో కూర్చున్నాను, తమ్ముడి పక్కన. ఆఖరి ట్రాక్ మొదలవగానే చెయ్యి నొక్కుతాను, అయిపోగానే వదిలేస్తాను అన్నాడు. నొక్కాడు. చుట్టూ అందరూ చెవులు మూసుకున్నారు. నాకెంత ప్రశాంతంగా ఉందో.

అందరూ లేచి చప్పట్లు కొడుతున్నారు. వాడింకా నా చెయ్యి వదల్లేదు.