తొందర లేని వేలం

వన్ టౌన్,
సోమవారం.

కోపంలో ఉన్న మా ఫ్లోరక్కకు,

సంఘ కార్యదర్శిగా వందనములు. తమ్ముడిగా, సదరు కోపం ప్రస్తుతం ఏ దశలో ఉన్నదో తెలియగోరుచున్నాను.

పోయిన క్రిస్మస్‌నాడు మన సంఘపెద్ద శుభాకర్ గారు మైకులో, నీ కూతురు వింటుండగానే, “బుద్ధి ఎదగని ఈ బిడ్డ కోసం ప్రార్థిద్దాం” అన్నారు. ఆమేన్ అనకముందే నువ్వు స్టెఫీ చెయ్యి పట్టుకుని లేచి వెళ్లిపోయావు. మళ్లీ చర్చి మెట్లెక్కలేదు. మీ బెంచీ ఖాళీగా ఉన్న విషయం కార్యవర్గం దృష్టికి రావడానికి కొంత కాలం పట్టింది. వచ్చిన వెంటనే తీర్మానించాం: ఆ మాటా, దాని చుట్టాలూ ప్రాంగణంలో నిషిద్ధం.

చిక్కు అక్కడే మొదలైంది. తొలగించిన మాటల స్థానంలో ఎవరిని నియమించాలి? పుష్పకుమారి గారు “పరలోకపు మల్లెమొగ్గ” అన్నారు. శుభాకర్ గారు పశ్చాత్తాపం కొద్దీ “దేవదూత” అన్నారు. దూతకు చందా రసీదు ఏ పేరున రాయాలని కోశాధికారి అడిగారు. టీ, సమోసాల అనంతరం నిర్ణయం వాయిదా పడింది.

స్టెఫీనే అడగవచ్చునన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నిన్న కోత పండుగకు నీ మరదలు కీర్తన వెంట తను వచ్చినప్పుడు పాస్టర్ గారు గేటు దగ్గరే అడిగేశారు.

“స్టెఫీ అనండి. నాను అదే కదా.”

తీర్మానం ఆ మేరకు సవరించడమైనది. వైద్య విషయం నిజంగా అవసరపడితే “డౌన్ సిండ్రోమ్ ఉన్న వ్యక్తి” అనాలి. ఆ అవసరం ఇంతవరకు రాలేదు.

ఇక వేలం. పొలమన్నది లేని వన్ టౌన్‌లో కోత పండుగ ఎలా జరుగుతుందో నీకు తెలుసు: బజారులో కొన్న కూరగాయలూ, హార్బర్ నుంచి తెచ్చిన వంజరం చేపలూ దేవుడికి అర్పించి, ఆరాధన కాగానే మనమే వేలంలో తిరిగి కొనుక్కుంటాం. శుభాకర్ గారు ఎప్పటిలాగే ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నీ ఒకే ఊపిరిలో ముగించి గుమ్మడికాయను తన బావమరిదికి ఖరారు చేయబోయారు.

“ఆగండి,” అంటూ స్టెఫీ లేచింది. “పుష్పకుమారి ఆంటీ సెయ్యెత్తారు. మీరు సూడనేదు.”

చూడలేదన్నది వాస్తవం. ఏళ్ల తరబడి చూడటం లేదన్నది పుష్పకుమారి గారి వాంగ్మూలం. చర్చి అంతా నవ్వింది. శుభాకర్ గారూ నవ్వి, “అయితే తవరే ఏలం వెయ్యండి” అని మైకు అప్పగించారు.

స్టెఫీ పద్ధతి వేరు. రెండోసారి అన్నాక ఆగుతుంది. పాడినవారి ముఖంలోకి చూస్తుంది. పాడనివారి ముఖంలోకి ఇంకాస్త సేపు చూస్తుంది. “శుభాకర్ గారూ, ఆలోసించుకోండి. నాకు తొందర నేదు.” ఆ చూపుకు తట్టుకోలేక ఆయన తాను తెచ్చిన ఆనపకాయను తానే పాడుకుని, దాన్ని స్టెఫీకే బహూకరించారు. వెనక బెంచీ ముసలమ్మలు వేలంలో నోరు విప్పడం నేను మొదటిసారి చూశాను. భోజనాలు చల్లారిపోయాయి. ఫిర్యాదులు అందలేదు.

వచ్చే ఏటి వేలం కూడా పాపకే అప్పగిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించాం. నువ్వు వస్తావా, రావా? ఇది కార్యదర్శి అడుగుతున్న ప్రశ్న కాదు.

నీ తమ్ముడు,
ఎడ్వర్డ్


దువ్వాడ,
గురువారం.

ఒరే ఎడ్వర్డూ,

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆదివారం మీరంతా గుమ్మడికాయ దగ్గర ఉన్న వేళ నేను ఇక్కడే వేరే చర్చిలో కూర్చున్నాను. అక్కడ మమ్మల్ని ఎవరూ ఎరగరు కనుక ఎవరూ ఏమీ అనరు. ఇకమీదట అక్కడికే వెళ్దామని నిశ్చయించుకున్నాను. స్టెఫీని పంపింది, చివరిసారిగా అందరినీ చూసి వస్తుందని.

సాయంత్రం ఆనపకాయ చంకన పెట్టుకుని దిగింది. నా నిర్ణయం చెప్పాను. చెప్పులు విప్పుకుంటూ అడిగింది.

“అక్కడ ఏలం ఎవులు ఏస్తారు?”

తెలియదన్నాను.

“మరి అక్కడ నాకేటి పని? నాకు వన్ టౌన్‌లో పనుంది. నువ్వూ వస్తావా?”

నేను ఆనపకాయ అందుకుని వంటింట్లో పెట్టి వచ్చాను. రెండోసారి అడిగింది. అడిగి, ఆగి, నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. తొందరేమీ పడలేదు.

ఆదివారం వస్తున్నాం. ఫ్యాను కింద రెండు చోట్లు పట్టి ఉంచు. శుభాకర్ గారికి ఆనపకాయ పులుసు తెస్తున్నానని చెప్పు. నా కోపం ఆ దశలో ఉంది.

మీ అక్క,
ఫ్లోరా

తా.క. నీ ఉత్తరం స్టెఫీ చదివింది. “పాపకే” అన్నచోట వేలు పెట్టి, “నాకు ఇరవయ్యారేళ్లు మావయ్యా” అని రాయమంది. కార్యదర్శి గారు తీర్మానాన్ని సవరించగలరు.